డిస్క్ ఏ రకమో డబ్బా మీద రాయాలి

సంపాదకులకు నమస్కారం.

చిక్కడపల్లిలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు, ఫొటోలు ఆల్బమ్ చేతికిచ్చేదాకా రెండు హార్డ్ డిస్కులు పట్టే ఎన్‌క్లోజర్‌లో దాస్తాం. ఒకదాంట్లో పడిందే రెండోదాంట్లోనూ పడుతుంది కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి ఉందన్న ధైర్యం. పోయిన నెల ఒకరోజు షట్టర్ తీసేసరికి ఎడమవైపు లైటు ఎర్రగా వెలుగుతోంది, చెవి దగ్గర పెడితే లోపల ఆగి ఆగి టిక్కు టిక్కుమని చప్పుడు.

లైటును నమ్మకుండా సీరియల్ నంబరు సరిచూసుకునే డిస్క్ బయటికి తీశాను, కంగారులో బాగున్నదాన్ని లాగేస్తే ఇక చేసేదేమీ ఉండదు. పార్క్ లేన్‌లో ఒక షాపుకెళ్లి నాలుగు టీబీ డిస్క్ అడిగితే, ‘ఏదైనా ఒకటే అన్నా, సైజు సరిపోతే చాలు’ అన్నాడు. కొత్తది పెట్టాను, మిగిలిన పాత డిస్క్‌లో ఉన్నదంతా ఇందులోకి కాపీ కావాలి. సెకనుకు 150 ఎంబీ చొప్పున రాసినా నాలుగు టీబీ ఏడున్నర గంటల్లో నిండాలి, సాయంత్రం పెట్టి వెళ్లి మర్నాడు పొద్దున చూస్తే 14 శాతం. అలా నాలుగు రోజులు సాగింది. ఆ నాలుగు రోజులూ పదకొండు పెళ్లిళ్లు ఒకే ఒక్క పాత డిస్క్ మీద ఉన్నాయి, అది కూడా పోయినదానితోపాటే ఒకేరోజు కొన్నది, అంతే వాడింది. మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

తర్వాత తెలిసింది, కొత్త డిస్క్ ఎస్ఎంఆర్ రకమట. బంగాళా పెంకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించినట్టు ఇందులో డేటా వరసలు ఒకదాని మీదికి ఒకటి కొంచెం జరిగి ఉంటాయి, మధ్యలో ఒకటి మార్చాలంటే దాని పక్కవన్నీ మళ్లీ రాయాలి. అప్పుడప్పుడు కాపీ చేసి పక్కన పెట్టుకునేవాళ్లకు అది బాగానే పనికొస్తుంది, దాన్ని తప్పుపట్టను. పోయిన డిస్క్ స్థానంలో పెట్టి మొత్తం ఒక్క ఊపున నింపాలంటే మాత్రం వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమే కావాలి. 2020లో ఏ రకమో చెప్పకుండా అమ్ముతున్నారని పెద్ద గొడవ జరిగాక తయారీ కంపెనీలు ఏ మోడల్ ఏ రకమో తమ వెబ్‌సైట్లలో జాబితాలు పెట్టాయి. నేను కొన్న డబ్బా మీద ఎమ్మార్పీ ఉంది, తయారైన నెల ఉంది, ఏ దేశంలో తయారైందో ఉంది, ఈ ఒక్క ముక్క లేదు! కొనే వస్తువు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది కదా, మరి రకం తెలియకుండా కొన్నవాడికి ఏం తెలిసినట్టు?

వినియోగదారుల వ్యవహారాల శాఖవాళ్లు ఈ రెండు రకాల్లో ఏదో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండాలని నిబంధన పెట్టాలి. షాపువాళ్లు కూడా బిల్లులో మోడల్ నంబరు పూర్తిగా వేసి పక్కనే రకం రాసివ్వాలి. అప్పటిదాకా నాలాంటివాళ్లు ఎవరైనా డబ్బులు కట్టేముందు కౌంటర్ దగ్గరే ఫోన్లో ఆ నంబరు కొట్టి చూసుకోండి, రెండు నిమిషాల పని. ఇంకో మాట, రెండో డిస్క్ ఉంది కదా అని విడిగా బ్యాకప్ తీయడం మానకండి. పొరపాటున చెరిపేసిన ఫైలు రెండింట్లోనూ చెరిగిపోతుంది.

— ఒక ఫొటో స్టూడియో యజమాని, చిక్కడపల్లి, హైదరాబాద్