గంగమ్మలో సున్నా పూడింది

తిరుపతి

ఒరే సీనా,

ఎట్లుండావు? నీ ఉత్తరం, దాంట్లో నువ్వు స్క్రీన్ ప్రింటింగ్ చేసి మడిచి పెట్టిన గుడ్డముక్క రెండూ అందినాయి. విప్పి చూస్తానే నవ్వొచ్చింది గానీ, మరుక్షణమే నా బతుకు గుర్తొచ్చి నోరు మూసుకున్నా. అంచులన్నీ ఎలకలు కొరికినట్టు, సున్నాలన్నీ పూడిపోయి చుక్కలు! నువ్వేమో అంగడాయన నాసిరకం ఇంకు అంటగట్టినాడని రాసినావు. ఇంకును తిట్టబాకురా. నేనూ నెలరోజులు అట్లే తిట్టినా.

పోయినేడు మేలో, గంగమ్మ జాతరకు ముందు, మా వీధి పిల్లోళ్లు 60 గుడ్డసంచులు అడిగినారు. ఎర్రంగా ‘గంగమ్మ జాతర’ అని, కింద వేపమండ. అప్పటికి నేను వేసిందంతా ఒక పెళ్లికార్డు, అదీ మా చిన్నాయనది. అయినా ఒప్పేసుకున్నా. మెష్, అదే సన్నటి జల్లెడగుడ్డ, బిగించిన ఫ్రేముకు ఎమల్షన్ అని వెలుతురికి గట్టిపడే జిగురు పూసి చీకట్లో ఆరబెట్టాల గదా, మా ఇంట్లో చీకటంటే బాత్రూమే. రాత్రంతా ఆడే పెట్టినా. పొద్దున ముట్టుకుంటే ఆరినట్టే ఉండె. దానిమీద పాజిటివ్, అంటే అక్షరాలు నల్లంగా ఉండే పారదర్శక షీటు, పెట్టి ఎండలో ఎక్స్‌పోజ్ చేసినా. నలుపు కింద గట్టిపడని జిగురు మాత్రమే కడిగితే పోవాల. నీళ్లు కొడతా ఉంటే, ‘గం’ సున్నా నడిమి చుక్క నా కళ్ల ముందరే జారి కాలవలో కలిసిపోయింది. లోపలిపక్క వేలు పెడితే బెండకాయ జిగురు.

అదేరా సంగతి. బాత్రూములో గోడలకు తేమ, బకెట్లో నీళ్లు, పైన మా నాయిన తెల్లారుజామున వేణ్ణీళ్ల స్నానం. ఎమల్షన్ పైకి ఆరింది, మెష్ లోపల తడి అట్లే ఉండాది. తడి మీద ఎంత ఎండ పడినా అది సరిగ్గా గట్టిపడదు. ఇప్పుడు రాత్రిపూట కిటికీకి దుప్పటి కట్టి, అచ్చుపడే పక్క కిందికి పెట్టి, టేబుల్ ఫ్యాన్ వేస్తా. లైటు కావాలంటే పసుపు బల్బు, ట్యూబులైటు వద్దు. పూసే ముందర గిన్నెల సబ్బుతో మెష్ కడుగు. తలకు నూనె రాసుకున్న చేత్తో ముట్టినావంటే ఆడాడ ఎమల్షన్ పట్టక సూదిబెజ్జాలు పడతాయి. పడినా భయపడబాక, కుంచెతో ఇంత ఎమల్షన్ అద్ది మళ్లా ఎండకు చూపించు. ఇంకోటి, నువ్వు వాడేది బైక్రోమేట్ అనే రసాయనం కలిపేదైతే గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు, చర్మానికి మంచిది కాదు.

ఎండలో ఎంతసేపని అడిగినావు. నా లెక్క నీకు పనికిరాదు. పూత మందం వేరు, పొద్దు వేరు. పాత ఫ్రేముకు ఎమల్షన్ పూసి, పాజిటివ్ పెట్టి, దానిమీద అట్ట అడ్డం పెట్టి, అర నిమిషానికి రెండు వేళ్ల వెడల్పున జరుపుకుంటా పో. కడిగితే నీకే తెలుస్తుంది: తక్కువైన కాడ జిగురు కారతాది, ఎక్కువైన కాడ ‘మ్మ’ కింద వత్తు తెరుచుకోదు. నడిమిది నీది. పాజిటివ్‌ను ముందర ఎండకు పట్టి చూడు. నలుపులోంచి వెలుతురు కనపడితే రెండు కాపీలు ఒకదాని మీదొకటి అతికించు. ఫ్రేము లోపల స్పాంజి, పైన గాజుపలక పెట్టి బిగించకపోతే పాజిటివ్ కిందికి వెలుతురు దూరి సన్నగీతలు పూడుకుంటాయి.

ఇంక ఇంకు. మళ్లా చేసిన స్టెన్సిల్, అంటే ఫ్రేము మీద తెరుచుకున్న అక్షరాల అచ్చు, బాగా వచ్చిందనే సంబరంలో అదే ఫ్యాన్ కింద కూర్చొని అచ్చు మొదలుపెట్టినా. పదో సంచికంతా అక్షరాలు మాయం! మే నెల ఎండ, పైన గాలి, నీళ్లతో చేసిన ఇంకు, మెష్‌లోనే ఎండిపోయింది. స్టెన్సిల్ కాపాడిన ఫ్యానే నా కొంప ముంచింది. అప్పటినుంచి అచ్చు వేసేటప్పుడు ఫ్యాన్ బంద్. చెమట కారినా సరే. ఒక్కో అచ్చు కాగానే ఫ్రేము ఎత్తి, స్క్వీజీతో, అదే ఇంకు లాగే రబ్బరు పట్టీతో, మెల్లంగా ఇంకు పరిచేస్తా, బెజ్జాలు తడిగా ఉంటాయి.

నీ ముక్క మీద మరకలు చూస్తే, ఇంకులో నీళ్లు పోసినట్టుండావు. పోయొద్దు. సంచులకు కార్డులకు వాడే సన్న మెష్ వాడితే ఇంకు దిగదు, దిగలేదని నీళ్లు పోస్తాం, అది అంచుల కింద పాకతాది. సంచులకు 43టీ మెష్ అడుగు, అంటే అంగుళానికి సుమారు 110 దారాలు. ఫ్రేము నాలుగు మూలల కింద రెండేసి నాణేలు పెట్టు, గీసిన వెంటనే మెష్ గుడ్డనొదిలి పైకి లేవాల. ఎమల్షన్ కొనేటప్పుడు నీళ్ల ఇంకుకు తట్టుకునేదా కాదా అని గట్టిగా అడుగు. కొన్ని సాల్వెంటుకు తట్టుకుంటాయి, నీళ్లకు కరిగిపోతాయి.

కాళహస్తి కలంకారీ వాళ్లకు రంగు నిలిచేదానికి కరక్కాయ, పటిక ఉండాయి. మనకు ఇస్త్రీపెట్టే గతి. బాగా ఆరినాక రెండు పక్కలా గట్టిగా రుద్దకపోతే తొలి ఉతుకుడికే గంగమ్మ బకెట్లో తేలుతుంది.

నా 60లో 11 చెడిపోయినాయి. వాటిల్లో మా అమ్మ ఎండుమిరపకాయలు పోసి అటక మీద పెట్టింది, ఎప్పుడు చూసినా చుక్కల గంగమ్మే అగుపడతాది.

ఆదివారం చిత్తూరు నుంచి పొద్దున బస్సుకే వచ్చేయ్, నీ ఫ్రేము కూడా తీసుకురా. ఎమల్షన్ పూసి తెచ్చేటట్టుంటే మాత్రం నల్లగుడ్డ రెండు మడతలు చుట్టు, కిటికీ పక్కన కూర్చోబాక.

నీ
గిరి