వరదలో తడిసిన పుస్తకాల సంగతి: మా దగ్గర కొన్నవాళ్లందరికీ

నమస్కారం. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఉన్న మా పాత పుస్తకాల షాపుకి వచ్చేవాళ్లకీ, ఫోన్ చేసి పార్శిల్ తెప్పించుకునేవాళ్లకీ ఇది రాస్తున్నాను.

ముందు చెప్పాల్సింది ముందే చెబుతాను. 2025 జనవరి నుంచి జూన్ దాకా మేం అమ్మినవాటిలో 23 పుస్తకాలు 2024లో బుడమేరు వాగు వరదలో తడిసి ఆరినవి. ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పలేదు. ఎప్పటిలాగే బిల్లు మీద 'కండిషన్ బాగుంది' అని రాసి పంపించాం. జూలైలో ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసి, "సార్, పుస్తకం తెరిస్తే బూజు వాసన వస్తోంది. మధ్యలో పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. మీకు తెలిసే పంపారా?" అని అడిగారు. తెలుసు. ఆరిపోయింది కదా, ఇంకేం కాదులే అనుకున్నాను. తడిసిందని చెబితే కొనరేమో అన్న భయం కూడా ఉంది. ఆమెకు ఆ రోజే డబ్బు వెనక్కి పంపాను. మిగతావాళ్లకు చెప్పడానికి మాత్రం ఇంతకాలం పట్టింది. అందుకు క్షమించమని అడుగుతున్నాను.

ఏం జరిగిందో తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. షాపులో చోటు చాలక, సింగ్ నగర్‌లో ఒక ఇంటి కింది వాటా అద్దెకు తీసుకుని గోడౌన్‌గా వాడుకునేవాళ్లం. 2024 ఆగస్టు 31న రోజంతా కుండపోత వాన. ఊళ్లో అందరి చూపూ కృష్ణ మీదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది, అది కట్టినప్పటి నుంచి అంత నీరు ఎప్పుడూ చూడలేదు. మాకు మాత్రం నీళ్లు కృష్ణ వైపు నుంచి రాలేదు. ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయింది. గోడౌన్ తాళం తియ్యగలిగింది తొమ్మిదో రోజున.

లోపల ఇనుప ర్యాకులు, ఒక్కోదానికి ఆరు అరలు. కింది మూడు అరలు నీళ్లలో ఉన్నాయి. తడిసినవి మొత్తం 1,150 పుస్తకాలు. పుస్తకం నీళ్లు పీలిస్తే ఉబ్బుతుంది. బిగించి సర్దిన అరలో ఉబ్బితే కదలడానికి చోటుండదు, ర్యాకు కడ్డీలే బయటికి వంగిపోయాయి. చేత్తో లాగితే అట్ట ఊడి చేతిలోకి వస్తోంది గానీ పుస్తకం రావడం లేదు. మా బావమరిది పక్క కడ్డీల బోల్టులు విప్పేస్తే అప్పుడు ఒక్కో వరసా బయటికి తీశాం.

అన్ని పుస్తకాలూ ఒకేలా పాడవవు. ఇది నేను ఆ వారంలోనే నేర్చుకున్నాను. బొమ్మల పేజీలు ఉన్నవి అన్నిటికంటే ముందు పోయాయి. అమరావతి శిల్పాల మీద శివరామమూర్తి గారు 1942లో మద్రాసు మ్యూజియం కోసం రాసిన పుస్తకం ఉంది కదా, దాని తర్వాతి ముద్రణ ఒకటి మా దగ్గర ఉండేది. బొమ్మలన్నీ ఆర్ట్ పేపర్ మీద వేసినవి. ఆ కాగితానికి నునుపు కోసం సుద్ద పూత వేస్తారు. తడిస్తే ఆ పూత జిగురైపోతుంది, ఆరితే పేజీలన్నీ కలిసి ఒక చెక్క ముక్కలా గట్టిపడతాయి. విడదియ్యబోతే బొమ్మ ఒక పేజీ నుంచి ఊడి ఎదురు పేజీకి అంటుకుంటుంది. ఆ పుస్తకాన్ని ఏమీ చెయ్యలేకపోయాం. దానికి భిన్నంగా, మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి రెడ్డి రాజ్యాల చరిత్ర, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో వేసింది, అన్ని రోజులు నీళ్లలో నానినా అక్షరం చెదరలేదు. అచ్చు సిరాలో నూనె ఉంటుంది, నీటికి కరగదు. కరిగింది ఫౌంటెన్ పెన్ను సిరా. ఆ ప్రతి ఒక చరిత్ర లెక్చరర్ గారిది. మార్జిన్ల నిండా శాసనాల నంబర్లు, తేదీల లెక్కలు, 'ఇది సరికాదు' అని అక్కడక్కడా ఆయన వాదనలు ఉండేవి. ఇప్పుడు ఆ చోట నీలం మరక మిగిలింది. పుస్తకం ఇంకో ప్రతి ఎక్కడైనా దొరకొచ్చు, ఆయన రాసుకున్నది ఇంకెక్కడా లేదు. డబ్బు నష్టం కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

తడి కాగితానికి రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. పుస్తకాలు మా చేతికి వచ్చేసరికే తొమ్మిదో రోజు. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టే చోటూ లేదు, మనుషులూ లేరు. అప్పుడు భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పనిచేసే స్నేహితుడు ఫ్రీజర్ గదిలో ఒక మూల ఇప్పించాడు. పుస్తకాలను పాలిథిన్ కవర్లలో చుట్టి 26 అట్టపెట్టెల్లో పంపాం. గడ్డకట్టిస్తే బూజు చావదు, కానీ పెరగడం ఆగిపోతుంది. మనకి టైం దొరుకుతుంది. ఆ తర్వాత ఒక్కో పెట్టే తెప్పించుకుని, కరిగించి, ప్రతి ఇరవై పేజీలకీ అచ్చు వెయ్యని న్యూస్‌ప్రింట్ కాగితం పెట్టి, పుస్తకాన్ని విసనకర్రలా తెరిచి నిలబెట్టి, ఫ్యాన్ల కింద ఆరబెట్టాం. కాగితాలు పూటకోసారి మార్చాలి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కానీ అట్టలు మెలి తిరిగిపోతాయి, పాత కాగితం పెళుసెక్కుతుంది.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదలో మునిగాయి. వాటి పేజీల మధ్య నీళ్లు పీల్చే కాగితాలు పెట్టారు, ఆరబెట్టడానికి పొగాకును వేడితో ఎండబెట్టే బ్యారన్లను కూడా వాడుకున్నారు. అది చదివినప్పుడు నాకు ఒంగోలు వైపు బ్యారన్లు గుర్తొచ్చాయి. సెప్టెంబరులో ఖాళీగానే ఉంటాయి. అడుగుదామా అని కూడా అనుకున్నాను. కానీ వేడిని అదుపులో పెట్టడం తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఆ సాహసం చెయ్యలేకపోయాను.

1,150లో చివరికి చదవడానికి వీలుగా మిగిలేవి 600 దాకా ఉంటాయి. మిగతావి చిత్తు కాగితాల వాళ్లకు ఇచ్చేశాం.

ఇక మీరు చూసుకోవాల్సిన విషయం. గోడౌన్ పుస్తకాలన్నిటికీ వెనక అట్ట లోపలి వైపు, పై మూలన నీలం పెన్సిల్‌తో 'సిం' అని చిన్నగా రాసి ఉంటుంది. అది సింగ్ నగర్ గుర్తు. అందులో పై అరల్లో ఉండి తడవనివి కూడా ఉన్నాయి కాబట్టి గుర్తు ఉన్నంత మాత్రాన కంగారు పడొద్దు. గుర్తు ఉండి, కింది అంచున లేత గోధుమరంగు గీత గానీ, పేజీల్లో అలల్లాంటి ముడతలు గానీ, మట్టి వాసన గానీ ఉంటే అది తడిసినదే. కొన్న 23 మందిలో 19 మందితో మాట్లాడాను. మిగిలిన నలుగురు షాపులో నగదు ఇచ్చి కొన్నవాళ్లు, ఫోన్ నంబర్లు లేవు. వాళ్లలో మీరు ఒకరైతే, బిల్లు లేకపోయినా పర్వాలేదు, పూర్తి డబ్బు ఇస్తాను. పుస్తకం ఉంచుకుంటామన్నా సరే, వెనక్కి ఇస్తామన్నా సరే.

అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే వేరే పుస్తకాల పక్కన మాత్రం పెట్టకండి. బూజు కనిపిస్తే ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తని పొడి బ్రష్‌తో దులపండి. తడిబట్టతో తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. కలరా ఉండలు పురుగులకే గానీ బూజుకి పనికిరావు. ఆస్తమా ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకండి, మాకు చెప్పండి, మేం వచ్చి తీసుకెళ్తాం.

ఇప్పటి నుంచి తడిసి ఆరిన పుస్తకాలు షాపులో విడిగా, గుమ్మం పక్కనున్న బీరువాలో ఉంటాయి. ధర మామూలు దాంట్లో మూడో వంతు. పేజీలు లెక్కపెట్టి, ఏవి అతుక్కున్నాయో, ఎక్కడ మరక ఉందో చీటీ రాసి లోపల పెడుతున్నాం. ఫోనులో అడిగేవాళ్లకు ఆ చీటీ చదివి వినిపిస్తాం, ఫోటో కూడా పంపుతాం. 'బాగుంది' అన్న మాట బిల్లుల మీద రాయడం మానేశాం.

ఆ బీరువాలో ఇప్పుడు ఏమున్నాయంటే, మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద వృక్షశాస్త్రవేత్త గ్యాంబుల్ మొదలుపెట్టిన గ్రంథం, 1957లో మళ్లీ అచ్చు వేసింది, మూడు సంపుటాల్లో రెండు. 1896లో వాల్ష్ రాసిన గోదావరి డెల్టా ఇంజినీరింగ్ పనుల పుస్తకం, పటాల సంపుటం లేకుండా పాఠం ఒక్కటే. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశంలో 1962 నాటి వ్యవసాయ పదాల సంపుటం, అట్ట పోయింది, లోపల అంతా శుభ్రంగా ఉంది. దీన్ని నేను అమ్మకానికి పెట్టానే గానీ ఎవరైనా అడిగితే ఇవ్వబుద్ధి కాదు. నాగలి భాగాలకి ఒక్కో జిల్లాలో ఏమంటారో ఊళ్లు తిరిగి రైతుల్ని అడిగి రాసుకున్న పుస్తకం అది. ఆ పదాలు పలికిన తరం ఇప్పుడు మన మధ్య చాలా తక్కువ. భాష మీద పనిచేసేవాళ్లు ఎవరైనా వస్తే మాత్రం తప్పకుండా ఇస్తాను.

తడవని సరుకులో కొత్తగా వచ్చింది, రిటైరైన ఒక వ్యవసాయ శాస్త్రవేత్త ఇంటి నుంచి కొన్న 400 పుస్తకాలు. నేలలు, వరి తెగుళ్లు, భూగర్భ జలాలు, వాటి మధ్యలో ఆయన ఇష్టంగా కొనుక్కున్న నాణేల పుస్తకాలు, ఖగోళం, కొన్ని తాళపత్ర గ్రంథాల జాబితాలు. ఇలాంటి పుస్తకాలకు కొనేవాళ్లు తక్కువే. ఒక్కోటి రెండు మూడేళ్లు అరలో ఉంటుంది. అయినా కావాల్సినవాళ్లకు అది తప్ప ఇంకొకటి పనికిరాదు. అందుకే ఎక్కువ మంది అడిగే పోటీ పరీక్షల గైడ్లు పెట్టకుండా వీటినే పెడుతున్నాం. పాత లా పుస్తకాలు, పాత కంప్యూటర్ పుస్తకాలు మాత్రం ఇక కొనలేను. దయచేసి తీసుకురాకండి, కాదనడం నాకూ కష్టంగా ఉంటోంది.

పోస్టు ఖర్చుల గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆగిపోయాక మేం చెప్పిన పాత ఛార్జీలు ఇక కుదరవు. 2025 మే నుంచి పోస్టాఫీసులో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. దాని నిబంధనల కిందికి వచ్చే పుస్తకాలను అలాగే పంపుతున్నాం. రానివాటికి కౌంటర్లో ఎంత అడిగితే అంతే మీ దగ్గర తీసుకుంటాం, రశీదు ఫోటో పంపిస్తాం.

భీమవరంలో ఇంకా రెండు పెట్టెలు ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. దీపావళి తర్వాత తెప్పిస్తాం. ఒకదాంట్లో 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాల్లో రెండోది ఉందని మా పాత సరుకు పద్దుల పుస్తకంలో రాసి ఉంది. మిగతా రెండూ ముందే అమ్ముడుపోయాయి, కొన్నది ఎవరో రాసుకోలేదు. అవి మీ దగ్గర ఉంటే ఫోన్ చెయ్యండి. పెట్టె కరిగించిన రోజు తెరిచి చూసి, ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.