సేవ్ అయిందంటాది, ఫోల్డర్ తెరిస్తే ఖాళీ: మీ సీనరీ ఎడిటర్ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి, గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారమండి. విశాఖపట్నం గాజువాక నుంచి రాస్తున్నాను. ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్లో విమానం నడిపే ప్రోగ్రామ్) కోసం మీరు అమ్ముతున్న, ఊళ్ళూ కొండలూ తయారుచేసుకునే సీనరీ ఎడిటర్ ప్రో వెర్షన్ 6,499 రూపాయలు పెట్టి కొన్నాను, బిల్లు జత చేసాను, లైసెన్స్ నంబర్ బిల్లు మీదే ఉంది. నాక్కావలసింది ముందే చెప్పేస్తాను, కిందదాకా చదువుతారో లేదో తెలీదు కాబట్టి. నా డబ్బు నాకు వెనక్కి ఇచ్చేయండి. ఎందుకివ్వాలి అంటారా, తీరిగ్గా చదవండి, కానీ దయచేసి మళ్ళీ "క్యాష్ క్లియర్ చేసి రీఇన్‌స్టాల్ చెయ్యండి" అని ఒక ముక్క పంపీసి ఫిర్యాదు టికెట్ మూసెయ్యకండి.

నేను ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ వాడతాను. దాంట్లో మామూలుగా వచ్చే సీనరీలో వైజాగ్ అంటే ఏదో ఒక సముద్రం, ఏదో ఒక ఊరు, అంతే. మాకేమో దిగేటప్పుడు కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనపడాలి, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ కనపడాలి, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, దానెదురుగా టీయూ-142 విమానం, ఇటు ఎయిర్‌పోర్టు పక్కన మేఘాద్రి గెడ్డ నీళ్ళు, ఇవన్నీ ఉంటేనే అది మా ఊరు. ఎయిర్‌పోర్టు వరకూ అయితే వరల్డ్ ఎడిటర్ అని ఎక్స్-ప్లేన్ చేసినవాళ్ళే ఉచితంగా ఇస్తారు, సోర్స్ కోడ్‌తో సహా, దాంట్లో ట్యాక్సీవేలూ పార్కింగులూ గీసుకున్నాను, నేవీ వాళ్ళ హ్యాంగర్ల జోలికి పోలేదు లెండి, వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా కదా అది. అయితే నేల ఫొటోలకి ఒక టూలు, కొండల ఎత్తులకి ఒకటి, ఇళ్ళూ చెట్లకి ఇంకొకటి, ఇన్నిటితో కుస్తీ పట్టడం ఎందుకని, "అన్నీ ఒకే విండోలో, ఒకే క్లిక్‌లో" అని మీరేసిన ప్రకటన చూసి కొన్నాను.

ఇన్‌స్టాల్ దగ్గరే మొదలైంది. ఏదో రన్‌టైమ్ ఫైల్ లేదంది, సరే అది ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఉండే గొడవే, మైక్రోసాఫ్ట్ సైట్‌లోంచి తెచ్చి వేసుకున్నాను, దాని గురించి ఏమనను. తరవాత నేల ఫొటోలు డౌన్‌లోడ్ మొదలుపెడితే ఒక్కటి దిగితే ఒట్టు. లాగ్ ఫైల్ తెరిచి చూద్దును కదా, నా విండోస్ యూజర్ పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు. మా ఇంట్లో కంప్యూటర్లో యూజర్ పేరు తెలుగులో ఉంటాదండి, నాన్నగారు అలాగే పెట్టుకున్నారు, మిగతా ప్రోగ్రాములన్నీ దాంతో హాయిగా నడుస్తున్నాయి. మీ టూలుకి తెలుగు అక్షరం వస్తే దాన్ని ప్రశ్న గుర్తు చేసీడమే తెలుసు, ప్రశ్న గుర్తున్న పేరుతో విండోస్ ఫోల్డర్ తెరవనివ్వదు, అందుకని డౌన్‌లోడ్ అవ్వదు. తెలుగు రాష్ట్రాల్లో సాఫ్ట్‌వేర్ అమ్మి జీఎస్టీ కూడా వసూలు చేస్తున్నప్పుడు ఒక్కసారైనా తెలుగు పేరున్న ఫోల్డర్లో పరీక్షించి చూడాలని ఎవరికీ తట్టలేదా?

దీనికి మీ సపోర్ట్ వాళ్ళ సమాధానం ఏటంటే ఇంగ్లీషు పేరుతో కొత్త యూజర్ అకౌంట్ చేసుకోమని. చేసుకున్నాను. కొత్త అకౌంట్లో టూలు తెరిస్తే మళ్ళీ యాక్టివేషన్ అడిగింది, ఇచ్చాను, దాన్ని రెండో కంప్యూటర్ కింద లెక్కేసింది. అదే మెషీన్, అదే డిస్క్, అదే టేబుల్ మీద ఉంది. తరవాత మీవాళ్ళే రీఇన్‌స్టాల్ చెయ్యమన్నారు, చేసాను, "మీ యాక్టివేషన్ల పరిమితి దాటింది" అని వచ్చింది. అంటే మీరు చెప్పిన పని చేసినందుకే నా లైసెన్స్ అయిపోయిందన్నమాట! రీసెట్ చెయ్యమంటే కొత్త లైసెన్స్ మీద ఇరవై శాతం డిస్కౌంట్ కూపన్ పంపారు. అది చూసి మా తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

చివరికి బతిమాలితే రీసెట్ అయింది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఈ లేఖ రాయడానికి కారణం ఇదే, పైవన్నీ అయితే సర్దుకుపోయేవాణ్ణే.

వైజాగ్ ఉండేది +17+083 అనే టైల్‌లో, అంటే ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం ఉన్న గడి. నేల ఫొటో ఎంత వివరంగా ఉండాలో చెప్పే జూమ్ లెవెల్ ఊరి మధ్యలో 17, మిగతా అంతా 16 అని సెట్ చేసి బిల్డ్, అంటే సీనరీ తయారీ, పెట్టాను. ఒక లెవెల్ పెరిగితే ఫొటోల సంఖ్య నాలుగింతలవుతుంది కాబట్టి కావాలనే ఊరి మధ్య వరకే 17 పెట్టాను. రాత్రంతా నడిచింది, కరెంటు పోకుండా ఉంటే బాగుణ్ణని ఇంట్లో అందరం అనుకుంటూ పడుకున్నాం, పొద్దున్న లేచేసరికి పచ్చ రంగులో టిక్కు, "ఎక్స్‌పోర్ట్ విజయవంతం" అని. ఎక్స్-ప్లేన్ తెరిచాను, ఏమీ లేదు. దాంట్లో సొంత సీనరీలు పెట్టుకునే కస్టమ్ సీనరీ ఫోల్డర్లోకి వెళ్ళి చూస్తే నా సీనరీ పేరుతో ఫోల్డర్ ఉంది, లోపల సున్నా ఫైళ్ళు. మీవాళ్ళని అడిగితే ఏ సీనరీ మీద ఏది రావాలో రాసుండే సీనరీ ప్యాక్స్ ఐఎన్ఐ ఫైల్లో వరస సరిచూసుకోమన్నారు, ఎయిర్‌పోర్టు పైన, ఓవర్‌లే (నేల మీద పెట్టే ఇళ్ళూ చెట్లూ రోడ్లూ) దాని కింద, ఫొటోలు అడుగున అని పాఠం కూడా చెప్పారు. ఆ వరస నాకు తెలుసండి. ఖాళీ ఫోల్డర్‌ని పైన పెడితే ఏటి, కింద పెడితే ఏటి?

మరి డిస్క్‌లో జాగా మాత్రం బోలెడు తగ్గింది, ఆ ఫైళ్ళన్నీ ఎక్కడికి పోయినట్టు? మొత్తం డిస్క్ వెతికితే నా యూజర్ ఫోల్డర్ లోపల, యాప్‌డేటా, దానిలో లోకల్, దానిలో వర్చువల్ స్టోర్ అని ఒకటుంటాది, అక్కడ బయటపడ్డాయి. నేల ఆకారం ఉండే డీఎస్ఎఫ్ ఫైలూ, దాని మీద పరిచే ఫొటోల టెక్స్‌చర్లూ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అవి అక్కడికెందుకు పోయాయో మీ డెవలపర్లకి తెలిసే ఉండాలి, తెలీకపోతే నేనే చెప్తాను. మీ ఇన్‌స్టాలర్ టూల్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెడుతుంది, వేరే చోటు ఎంచుకోనివ్వదు. బిల్డ్ చేసిన ఫైళ్ళు కూడా అక్కడే, తన సొంత ఫోల్డర్లోనే రాయాలని చూస్తుంది. అక్కడ మామూలు యూజర్ రాయడానికి విండోస్ ఒప్పుకోదు, విస్టా రోజుల నుంచీ ఇదే పద్ధతి. కాకపోతే పాత కాలపు 32 బిట్ ప్రోగ్రామ్ అయితే జాలిపడి ఎర్రర్ ఇవ్వకుండా ఆ ఫైళ్ళని చాటుగా వర్చువల్ స్టోర్‌లోకి మళ్ళిస్తుంది. మీ టూలేమో తను రాసింది తనకి కనిపిస్తోంది కదా అని సంబరపడి పచ్చ టిక్కు ఇచ్చేస్తుంది. ఆ తరవాత ఫైళ్ళని ఎక్స్-ప్లేన్‌లోకి కాపీ చేసేది ఇంకో చిన్న ప్రోగ్రామ్, అది 64 బిట్, దానికి ఆ చాటు ఫోల్డర్ కనపడదు, అసలు ఫోల్డర్‌లో ఏమీ దొరకదు, ఖాళీ చేతులతో వెళ్ళి ఖాళీ ఫోల్డర్ పెట్టి, అది కూడా విజయవంతం అంటుంది.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది చూడండి. మీ ప్రకటనలో "పూర్తి 64 బిట్" అని పెద్ద అక్షరాల్లో ఉంది. టాస్క్ మేనేజర్లో మీ టూలు పేరు పక్కనే 32 బిట్ అని బ్రాకెట్లో కనిపిస్తోంది, స్క్రీన్‌షాట్ జత చేసాను. ఊరంతా 17లో బిల్డ్ పెడితే "మెమరీ చాలదు" అని మధ్యలోనే చచ్చిపోయేది, నా మెషీన్లో 32 జీబీ ర్యామ్ ఉంది మహాప్రభో, మీవాళ్ళు ఇంకా ర్యామ్ వేయించుకోమన్నారు. 32 బిట్ ప్రోగ్రామ్ ఎంత లాగినా 4 జీబీ దాటి వాడుకోలేదు, డాబా గార్డెన్స్‌లో షాపులన్నీ ఊడ్చి ర్యామ్ తెచ్చి పెట్టినా అంతే. సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులుంటాయి, ఉండవని నేననను. పని అవ్వకపోతే అవ్వలేదని చెప్పమనండి, ఎక్కడ ఆగిందో చూసుకుంటాం. ఆ ఉచిత వరల్డ్ ఎడిటర్లో ఏదైనా తప్పు గీస్తే ఎక్స్‌పోర్ట్ చేసే ముందే ఇదిగో ఇక్కడ తప్పుందని జాబితా ఇచ్చి, ఆ చోటుకి తీసుకెళ్ళి మరీ చూపిస్తుంది. డబ్బు తీసుకున్న మీరేమో అవ్వని పనికి పచ్చ టిక్కు పెడుతున్నారు.

సరే, వర్చువల్ స్టోర్ లోంచి ఫైళ్ళు నేనే కాపీ చేసుకుని చూసాను, కనీసం లోపలి సరుకైనా బాగుంటాదేమో అని. "తాజా ఎయిర్‌పోర్టు డేటాబేస్" అన్నారు కదా, మా ఎయిర్‌పోర్టు దాంట్లో వీఈవీజెడ్ అనే పాత కోడ్‌తో ఉంది. ఇప్పుడది వీఓవీజెడ్. వీఈ అంటే కోల్‌కతా వైపు, వీఓ అంటే చెన్నై వైపు, ఫ్లైట్ ప్లాన్ వేస్తే సిమ్యులేటర్‌కి ఒకటే చోట రెండు ఎయిర్‌పోర్టులు కనపడి తికమక పడుతోంది. అంతకంటే దారుణం, మీ డేటాలో 05/23 అనే పాత చిన్న రన్‌వే ఒక్కటే ఉంది, 1,829 మీటర్లది. 2007 నుంచి పెద్ద విమానాలన్నీ దిగుతున్న 10/28, మూడు వేల యాభై మీటర్ల రన్‌వే, అసలు లేనే లేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కూడా టెర్మినల్ పైకప్పు లేచిపోయింది గానీ రన్‌వే ఉన్నచోటే ఉంది, మీ టూలు దాన్ని కూడా లేపేసింది.

కొండల సంగతి. "30 మీటర్ల ఎలివేషన్ డేటా" అని రాసారు. మీ మెష్‌ని, అంటే నేల ఎత్తుల వలని, దగ్గరగా చూస్తే బిందువుకీ బిందువుకీ మధ్య 90 మీటర్లు ఉంది. 2000లో స్పేస్ షటిల్ ఎండీవర్ రాడార్‌తో కొలిచిన డేటా అది, 30 మీటర్లది కూడా 2014, 15 నుంచే ప్రపంచంలో చాలా భాగానికి ఉచితంగా ఇస్తున్నారు, ఎందుకు వాడలేదో మీకే తెలియాలి. 90 మీటర్లకో చుక్క పెట్టి గీస్తే సముద్రంలోకి నిటారుగా దిగే డాల్ఫిన్స్ నోస్ ఏమవుతుంది? బోర్లించిన మూకుడులా తయారైంది. లైట్‌హౌస్‌ని దాని సరైన అక్షాంశ రేఖాంశాల్లో పెడితే వాలు మీద పక్కకి ఒరిగి నిలబడింది. మేఘాద్రి గెడ్డ నీళ్ళు ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. ఇక "దక్షిణాసియా భవనాల లైబ్రరీ" అని విడిగా డబ్బు తీసుకున్నారే, దాన్ని ఆన్ చేస్తే గాజువాక నిండా ఎర్ర పెంకుల పొగగూళ్ళ ఇళ్ళు, కైలాసగిరి మీద మంచు దేశాల దేవదారు చెట్లు. కొబ్బరి చెట్టు ఒక్కటి లేదండి, వైజాగ్‌లో! మా అమ్మ చూసి ఇదెక్కడి ఊర్రా అంది.

నా టికెట్లన్నీ "సమస్య పరిష్కారమైంది" అని మూసి ఉన్నాయి. ఎవరికి పరిష్కారమైందో తెలీదు, నాక్కాదు. మీ సాఫ్ట్‌వేర్‌కీ మీ సపోర్ట్‌కీ ఈ ఒక్క విషయంలో పోలిక బాగా కుదిరింది, రెండూ పని అవ్వకుండానే అయిపోయిందని చెప్తాయి.

నేనడిగేది ఇదీ. ప్రో వెర్షన్‌కీ, భవనాల లైబ్రరీకీ కట్టిన డబ్బు మొత్తం, ఏ కార్డుతో కట్టానో ఆ కార్డుకే వెయ్యండి, కూపన్లూ వాలెట్ పాయింట్లూ వద్దు. ప్రకటనలోంచి "64 బిట్", "30 మీటర్లు", "తాజా డేటాబేస్" అనే మాటలు నిజమయ్యేదాకా తీసెయ్యండి. ఇప్పటికే కొన్నవాళ్ళకి వాళ్ళ ఫైళ్ళు వర్చువల్ స్టోర్‌లో పడి ఉన్నాయని ఒక మెయిల్ పెట్టండి, పాపం ఎంతమంది రాత్రుళ్ళు బిల్డ్ పెట్టి పొద్దున్న మళ్ళీ మొదటికొస్తున్నారో. డిస్క్ నిండిపోయిందని కొత్తది కొన్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అది మీకు నేను చెప్పక్కర్లేదు, మీ సైట్ అడుగున చిన్నక్షరాల్లో మీరే రాసుకున్నారు. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయిస్తాను, అక్కడా తేలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 చట్టం వచ్చాక నేనుండే ఊళ్ళోనే వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. బెదిరింపు అనుకోకండి, నాకూ కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేదు, ఆ టైంలో పోర్టు క్రేన్లు మోడల్ చేసుకుంటాను.

బిల్లు, లాగ్ ఫైల్, టాస్క్ మేనేజర్ స్క్రీన్‌షాట్, ఖాళీ ఫోల్డర్ ఫొటో, మూసేసిన టికెట్ల కాపీలు జత చేసాను. జవాబు తెలుగులో ఇచ్చినా ఇంగ్లీషులో ఇచ్చినా పర్లేదు, మనిషి రాస్తే చాలు.

ఇట్లు
మీ కస్టమర్,
గాజువాక, విశాఖపట్నం