పట్టీ గొడవ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మంగళవారం ఏడో తరగతిలో జరిగినదాని మీద గ్రూపులో రాత్రి పదకొండున్నర దాకా చర్చ నడిచింది కాబట్టి అసలు సంగతి నేనే రాస్తున్నా. ఆటల పీరియడ్‌లో ఒకబ్బాయి మోకాలు గీరుకుపోయింది, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ దగ్గరున్న అమ్మాయిని చూసి "పట్టీ! పట్టీ!" అని అరిచాడు. ఆ పాప ఇంట్లో మలయాళం మాట్లాడతారు, మలయాళంలో పట్టి అంటే కుక్క. పాప ఏడుపు, వీడు బిక్కమొహం. అంతేనండీ, ర్యాగింగూ లేదు ఏమీ లేదు. మన పట్టీ సంస్కృతం నుంచి వచ్చింది, వాళ్ళది ద్రావిడ మాట, రెంటికీ చుట్టరికమే లేదు.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే వాడు ఒక కార్డు మీద ఆ మాటని రెండు లిపుల్లో రాసుకొచ్చాడు. మలయాళం ట్ట తిరగేసి రాస్తే పాపే దిద్దింది. ఆ కార్డు నా టేబుల్ మీదే ఉంది, వచ్చి చూడండి.

మాట ఒకేలా వినబడితే చాలు, అది దీన్నుంచే పుట్టిందని మనం తేల్చేస్తాం, నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆస్ట్రేలియాలో ఎంబబరం అనే భాష ఉండేది, అందులో కుక్కని డాగ్ అనే అనేవారు! ఇంగ్లీషు వాళ్ళ దగ్గర తీసుకున్నది కాదు, చుట్టుపక్కల భాషల్లో ఉన్న గుదగ అనే మాటే ముందూ వెనకా అరిగిపోయి అలా మిగిలింది. పారసీలో బద్ అన్నా చెడ్డే, ఇంగ్లీషులో బ్యాడ్ అన్నా చెడ్డే, అయినా ఒకదానికొకటి ఏమీ కావు. ఎనిమిదో తరగతి పాప ఒకతి క్రికెట్ బ్యాటూ గబ్బిలం బ్యాటూ వేరువేరు మాటలని డిక్షనరీలో తనంతట తానే పట్టుకుంది. ఆరో తరగతి బుడంకాయ్ ఫిన్నిష్‌లో కల అంటే చేప అని చదివొచ్చి "రాత్రి నాకు చేపొచ్చింది టీచర్" అన్నాడు, స్టాఫ్‌రూమంతా ఒకటే నవ్వు.

అందుకే ఇలాంటి మాటలు రాసుకోడానికి మేమిచ్చిన నోట్‌బుక్ పిల్లల్నే రాయనివ్వండి, దయచేసి. మీ దస్తూరీ మేం గుర్తుపట్టగలం. గూగుల్‌లోంచి దించినదైతే ఇంకా తొందరగా తెలిసిపోతుంది. ఏదైనా డౌటుంటే గ్రూపులో పెట్టేముందు స్కూలుకి ఒక్క ఫోన్ చేస్తే మాకు సంతోషం.

ఫీజు రసీదులు ఆఫీసులో తీసుకోండి, ఐడీ కార్డులు మర్చిపోకండి, శనివారం మీటింగ్ ఎప్పటి టైముకే.

అన్నట్టు ఆ అబ్బాయి మోకాలు తగ్గిపోయింది. గ్రూపులో అన్ని మెసేజీల్లో అది మాత్రం ఎవ్వరూ అడగలేదు.

మీ హెడ్‌మిస్ట్రెస్