శివారు చేను గురించి నీకొక ఉత్తరం

కోనసీమ
డిసెంబరు, 2024

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. కాలువ నీటిని రైతులకు పంచే నీటి సంఘం అధ్యక్ష పదవికి ఊరంతా ఏకగ్రీవంగా నన్ను అనుకుంటూ ఉంటే ఇంకా నాన్చుతున్నానేమిటని కోప్పడ్డావు. "అన్నయ్య కాకపోతే ఇంకెవరు?" అని చెల్లెమ్మ అన్నదని కూడా రాశావు. మీ అభిమానానికి సంతోషమే గానీ, నేను వెనకాడింది మొహమాటంతో కాదు. అసలు కారణం నీకు చెప్పకుండా దాచుకోవడం నా వల్ల కావడం లేదు.

నా నాలుగెకరాలూ కాలువ మొదట్లో, తూము పక్కనే ఉన్న సంగతి నీకు తెలుసు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు ఉన్నా, బొబ్బర్లంక దగ్గర మన మధ్య డెల్టాకు ఎంత నీరు వదిలినా, చివరకు ఆ నీరు పారేదీ ఆగేదీ చేలకు నీరు పెట్టే చిన్న కాలువల్లో, మన బోదెల్లోనే. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, గోదావరి సన్నగిల్లి, ఎగువన సీలేరు జలాశయాల నుంచి వచ్చే నీటితో వంతులు పెట్టుకున్నప్పుడు, ఎగువ రైతు ఒక్క రాత్రి తూము మూయడం మరిచిపోతే దిగువన ఎవరి చేను ఎండిందో అతనికి కనిపించదు. పోయిన దాళ్వాలో అలా మరిచిపోయినవాణ్ణి నేనే.

మర్నాడు తెల్లవారుజామున కాలువ చివరన ఉన్న శివారుకు వెళ్లాను. నీ రెండెకరాలు కౌలుకు చేస్తున్న అబ్బాయి టార్చిలైటు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేను పొట్ట మీద, వెన్ను తీసే ముందు దశలో, ఉంది. మడిలో నెర్రెలు నా బొటనవేలు దిగేంత విచ్చుకున్నాయి. మురుగుకాలువలో ఇంజను పెట్టి తోడుకున్న నీటిని దోసిట్లో పట్టి నన్ను రుచి చూడమన్నాడు, ఉప్పగా ఉంది. "మీరు మూసేశారనుకున్నాను బాబాయ్" అన్నాడు, అంతే. నాలుగు మాటలు అన్నా బాగుండేదనిపించింది.

అందుకే పెద్దలు ఇంటికి వచ్చి అడిగినప్పుడు నా బదులు అతని పేరు చెప్పాను. నీరందనివాడి చేతిలో వంతుల పట్టిక ఉంటేనే అది సరిగా నడుస్తుందని నా గట్టి నమ్మకం. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "రికార్డులో అతని పేరేదండీ?" అన్నారు. నీటి నిర్వహణను రైతుల చేతికి అప్పగించిన 1997 చట్టం ప్రకారం సభ్యత్వానికి హక్కుల రికార్డులో పేరుండాలి. మన వైపు కౌళ్లన్నీ నోటిమాట మీద నడిచేవే కాబట్టి, నీటి కోసం రాత్రంతా కాపలా కాసేవాడికి ఓటు ఉండదు, నీ దగ్గర హైదరాబాదులో ఉన్న పాసుపుస్తకానికి ఉంటుంది. 2011లో సాగు విరామం ప్రకటించి, మురుగుకాలువలు బాగుచేయాలని మనమంతా రోడ్డెక్కినప్పుడు కూడా ఈ కౌలుదారు సంగతి నా బుర్రకు తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

నేను కాదన్నంత మాత్రాన ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, పూడికతీత బిల్లుల కోసం కాచుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి నిన్న రాత్రి ఒప్పుకున్నాను. వంతు శివారు నుంచి మొదలై పైకి రావాలని, ఆ పట్టికను రామాలయం గోడ మీద రాయించాలని, కాలువకు అడ్డుపడే గుర్రపుడెక్క తీసిన పనినీ పూడిక తీసిన పనినీ శివారు రైతులు, కౌలుదారులతో సహా, వచ్చి చూసుకున్నాకే బిల్లు మీద సంతకం పెడతానని చెప్పాను. ఎగువ రైతులు ఇద్దరు ముగ్గురు అప్పుడే ముఖం ముడుచుకున్నారు. వాళ్లలో మా బావ కూడా ఉన్నాడు.

ఇక నీ సంగతి. 2019 చట్టం కింద కౌలుదారుకు పంట సాగు హక్కు పత్రం ఇప్పించాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలి. దానివల్ల భూమి మీద అతనికి ఏ హక్కూ రాదు. ఆ పంట మీద అప్పు పుట్టడానికీ, పంట పోతే పరిహారం అందడానికీ అది పనికివస్తుంది. నన్ను బాధ్యత తీసుకొమ్మని అంత ప్రేమగా రాసిన నువ్వు ఈ ఒక్క సంతకానికి అడ్డు చెప్పవనే నా నమ్మకం. అతన్ని కాగితాలతో ఆదివారం నీ దగ్గరకు పంపమంటావా? సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దామంటావేమో, నారు అప్పుడే జానెడు లేచింది, ఊడ్పులు అంతవరకూ ఆగవు.

నీ
మిత్రుడు