స్ట్రాబెర్రీ సాగు: మొక్కల లెక్క సరే, నీళ్ల లెక్కో?

సంపాదకులకు,

స్ట్రాబెర్రీని మట్టిలో వేయాలా, హైడ్రోపోనిక్స్‌లోనా (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లతో) అనే చర్చ ఎక్కడ మొదలైనా చదరపు మీటరుకు ఎన్ని మొక్కలు పడతాయన్న దగ్గరే తేలిపోతోంది. వాడబోయే నీళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

ఈ మొక్క ఉప్పును ఓర్చుకోదు. పోషక ద్రావణం ఈసీ, అంటే కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పే విద్యుత్ వాహకత, 1.0 నుంచి 1.5 (mS/cm) దాకా ఉంటే చాలు. 2 దాటితే ఆకుల అంచులు మాడతాయి, కాయ చిన్నదవుతుంది. నీళ్లకే 0.8 ఈసీ ఉంటే ఇక ఎరువుకు చోటెక్కడ? పైగా తిరిగి వాడే ద్రావణంలో మొక్క పీల్చుకోని సోడియం ట్యాంకులోనే పేరుకుంటుంది. ఈసీ మీటరు 1.4 చూపిస్తూనే ఉంటుంది, అందులో పోషకం ఎంతో, ఉత్త ఉప్పు ఎంతో అది చెప్పదు. అలాంటి నీళ్లకు వాననీళ్లో ఆర్వో నీళ్లో కలపాలి, ట్యాంకును రెండు వారాలకోసారైనా ఖాళీ చేసి కొత్త ద్రావణం పట్టాలి. మట్టిలోనూ ఉప్పు చేరుతుంది గానీ నిదానంగా. ఒక మంచి వాన పడితే చాలావరకు కిందికి దిగిపోతుంది.

విచ్చుకోని లేత ఆకు కొస నల్లబడి ముడుచుకుంటే కాల్షియం తగ్గిందని ఇంకాస్త ఎరువు పోసేస్తారు. జబ్బు ముదిరేది అక్కడే. లేత ఆకుకు కాల్షియం చాలావరకు రాత్రిపూట వేరు పైకి నెట్టే నీటితోనే అందుతుంది. ఈసీ పెరిగితే ఆ నెట్టుడు తగ్గిపోతుంది. తెల్లవారుజామున ఆకు అంచుల పళ్ల మీద నీటి బొట్లు నిలిచి ఉన్నాయేమో చూడండి. ఉంటే నీరు, దాంతోపాటు కాల్షియం కొసదాకా వెళ్తున్నట్టే. అన్నట్టు, చిక్కటి ద్రావణాలు చేసుకునేటప్పుడు కాల్షియం నైట్రేటును సల్ఫేటులతో, ఫాస్ఫేటులతో ఒకే డబ్బాలో కలపకూడదు. కలిపితే తెల్లటి మడ్డి అడుగున కూర్చుని డ్రిప్పర్లను మూసేస్తుంది.

హైడ్రోపోనిక్స్‌లో వేరు జబ్బులు రావన్నది వట్టి మాట. ద్రావణం 25 డిగ్రీలు దాటితే అందులో ఆక్సిజన్ తగ్గి వేరును కుళ్లబెట్టే పిథియం తెగులు అందుకుంటుంది. గోధుమరంగు తిరిగిన వేరును వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క జారిపోయి దారం మిగులుతుంది. ఈ తెగులు ట్యాంకులోంచి అన్ని మొక్కలకూ పాకుతుంది. మట్టికి వెర్టిసీలియం అనే, మొక్కను వాడగొట్టే శిలీంధ్రం బెడద ఉంది. టమాట, వంకాయ, బంగాళాదుంప వేసిన మడిలో అది ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది, అక్కడ స్ట్రాబెర్రీ పెట్టకపోవడమే మేలు. నాటేటప్పుడు క్రౌన్ (ఆకులూ వేళ్లూ కలిసే పొట్టి కాండం) సగం పైకి, సగం లోపలికి ఉండాలి. పూర్తిగా పూడిస్తే కుళ్లుతుంది, మరీ పైకి పెడితే ఎండుతుంది. ఇది రెండు పద్ధతులకూ ఒకటే.

కొత్తగా దిగేవారు సన్నటి పొరలా నీరు పారే ఎన్‌ఎఫ్‌టీ గొట్టాలతో మొదలుపెట్టడం మాకు నచ్చదు. ఎండలో పంపు రెండు మూడు గంటలు ఆగితే మొక్కలు తలలు వాల్చేస్తాయి. కాల్షియం నైట్రేటు ద్రావణంలో నానబెట్టి కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సంచులైతే అంతకంటే ఎక్కువసేపు తట్టుకుంటాయి. మట్టి మడికి ఆ బెంగే లేదు.

ఈసారి మీ వ్యవసాయ పేజీలో రెండు పద్ధతుల్నీ పోలుస్తూ పట్టిక వేస్తే, దిగుబడి పక్కన ఇంకో రెండు గడులు పెట్టండి: నీటి ఈసీ ఎంత ఉండాలి, పంపు ఆగితే పంట ఎన్ని గంటలు నిలుస్తుంది.

ఇట్లు,
స్ట్రాబెర్రీ సాగుదారులు