పాటకి కూడా కొలత పెట్టిన రోజులు

హేస్, లండన్
2025 నవంబరు

నాన్నా,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వొక మాట అడిగావు. "మీ హోమ్‌లో ముసలాళ్ళు యుద్ధం రోజుల్లో ఏ పాటలు వినేవారే?" అని. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఫోన్ లాక్కుని ఇంటి కబుర్లు ఎత్తుకుంది. పోనీలే, ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. నీకెలాగూ కాగితం మీద ఉంటేనే చదివినట్టుంటుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందొక మాట. ఇక్కడ తెల్లజుట్టు కనబడితే చాలు, యుద్ధం నాటి పాటలు పెట్టేస్తారు. ఈ ఏడాది మే 8కి యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్ళయింది. మా హోమ్‌లో కూడా జెండాల తోరణాలు కట్టి, కేకులు కోసి, పొద్దుటి నుంచి ఆ రోజుల గాయని వెరా లిన్ పాటలే వేశారు. మధ్యాహ్నానికి ఒకాయనకి ఒళ్ళు మండింది. "నేను పుట్టిందే 1944లో. ఇవి మా అమ్మ పాటలు. నాకు బీటిల్స్ పెట్టండి" అన్నాడు. న్యాయమే కదా! డెబ్భై దాటావని నీకెవరైనా రోజంతా నాగయ్య పాటలే వినిపిస్తే ఊరుకుంటావా, ఘంటసాల కావాలని గోల చెయ్యవూ? యుద్ధం నాటికి ఊహ తెలిసినవాళ్ళు మా దగ్గర ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. వాళ్ళు చెప్పినవీ, ఇక్కడి లైబ్రరీలో నేను చదివినవీ కలిపి రాస్తున్నాను.

హేస్ అంటే ఎయిర్‌పోర్టు దగ్గర అని మాత్రమే నీకు చెప్పాను. నిజానికి ఈ ఊరికి పేరొచ్చింది గ్రామఫోను వల్ల. కుక్క బొమ్మ రికార్డులు అంటావే, ఆ హెచ్.ఎం.వి. వాళ్ళ ఫ్యాక్టరీకి 1907లో పునాదిరాయి వేసింది ఇక్కడే. ఇప్పుడక్కడ ఫ్లాట్లు కట్టేశారు. ఆ రికార్డులు దేనితో చేసేవారో తెలుసా? లక్కతో. లక్కలో రాతిపొడి, మసి కలిపి, వేడి మీద ముద్ద చేసి అచ్చులో ఒత్తేవారు. ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వచ్చేది. ఛోటా నాగపూర్ అడవుల్లో చెట్ల మీద పురుగులు కట్టినది కలకత్తా రేవు దాటి ఇంత దూరం వచ్చేది. ఏటికొప్పాక బొమ్మల వాళ్ళు అంకుడు కర్ర మీద తిప్పి రంగు పట్టిస్తారే, ఆ లక్కే నాన్నా.

యుద్ధం ముదిరాక ఓడల్లో చోటు కరువైంది. పైగా లక్క ఆయుధాల తయారీకీ కావాలి. అమెరికాలో 1942లో రికార్డుల కంపెనీలకి ఇచ్చే లక్కని బాగా కోసేశారు. పాత రికార్డులు, పగిలిన రికార్డులు పోగుచేసి, నలగ్గొట్టి, మళ్ళీ కరిగించి కొత్తవి చేశారు. నిరుటి హిట్టు కరిగి ఈ యేటి హిట్టయ్యేదన్నమాట.

కొన్ని పాటలు కరిగించడానికే తగినవి కూడా! 1939లో ఒకటి ఊరంతా పాడారట. జర్మన్లు సరిహద్దులో సీగ్‌ఫ్రీడ్ లైన్ అని రక్షణ వరస కట్టుకున్నారు. మన బట్టలు ఉతికి దాని మీద ఆరేద్దాం రండి అని ఆ పాట. 1940 మే, జూన్ నెలల్లో జర్మన్ సేనలు ఫ్రాన్సును ఊడ్చేశాయి. బ్రిటిష్ సైన్యం డంకర్క్ తీరం నుంచి దొరికిన పడవల్లా ఎక్కి తిరిగొచ్చింది. ఆ తర్వాత బట్టలారేసే పాట పాడటానికి ఎవరికి మొహం చెల్లుతుంది?

ఫ్రాన్స్ సంధి మీద సంతకం పెట్టింది ఆ జూన్ 22న. మర్నాడే బీబీసీ 'మ్యూజిక్ వైల్ యు వర్క్' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పని చేస్తూ వినే సంగీతం. పొద్దున పదిన్నరకి అరగంట, మధ్యాహ్నం మూడింటికి అరగంట. కొన్నాళ్ళకి రాత్రి షిఫ్టు వాళ్ళకీ ఒకటి వచ్చింది. ఫ్యాక్టరీల్లో లౌడ్‌స్పీకర్లు కట్టి వినిపించేవారు. ఒళ్ళు అలిసి చెయ్యి నెమ్మదించే వేళకి పాట అందించాలని ప్లాను. దానికి బోలెడు షరతులు. యంత్రాల హోరులో వినబడాలి కాబట్టి సంగీతం మధ్యలో ఒక్కసారిగా తగ్గకూడదు. లయ మారకూడదు. జోలపాటలా సాగకూడదు. 'డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సాస్' అనే పాటనైతే దగ్గరికే రానివ్వలేదు. ఎందుకంటే ఆ పాటలో మధ్యమధ్య చప్పట్లు వస్తాయి. పనివాళ్ళు చేతిలో స్పానరో సుత్తో ఏది ఉంటే దానితో బెంచీ మీద, మిషను మీద ఠంగుఠంగుమని తాళం వేసేవారట. పని ఆగుతుంది, సామాను పాడవుతుంది!

ఇది చదివినప్పుడు నాకు దంపుళ్ళ పాటలు గుర్తొచ్చాయి. నాయనమ్మా పెద్దత్తా ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేస్తూ పాడేవారని నువ్వు చెప్పేవాడివి. అక్కడ లయ వాళ్ళ చేతుల్లో ఉంది. చెయ్యి అలిస్తే పాటా నెమ్మదిస్తుంది. కావాలంటే మధ్యలో ఆపి అత్తగారి మీద రెండు మాటలు కలిపి మళ్ళీ ఎత్తుకోవచ్చు. ఇక్కడ లయ ఎంతుండాలో లండన్‌లో ఆఫీసువాళ్ళు తేలుస్తారు, చేతులు దాన్ని అందుకోవాలి. పాటతో పని పిండుకోవడం కాకపోతే ఏమిటిది అనిపించింది.

మా హోమ్‌లో తొంభై మూడేళ్ళ పెద్దావిడ ఒకరున్నారు. వాళ్ళమ్మ యుద్ధం రోజుల్లో ఈ హేస్‌లోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేసింది. ఈ మాట అంటే ఆవిడ కొట్టిపారేసింది. "పొద్దున్నించీ ఒకే మర బిగించి చూడు, అప్పుడు మాట్లాడు. మా అమ్మ ఇంటికొచ్చాక చెప్పేది ఆ రెండు అరగంటల గురించే" అంది. ఎవరు ఎందుకు పెట్టారన్నది వాళ్ళమ్మకి అనవసరం. పక్కనున్న ఆడవాళ్ళంతా ఒకేసారి గొంతు కలిపితే ఫోర్‌మన్ కూడా నోరు మూసుకునేవాడట. అదీ ఆమెకి గుర్తున్నది.

1941 మే నుంచి ఇంకో కార్యక్రమం వచ్చింది, 'వర్కర్స్ ప్లేటైమ్'. మధ్యాహ్నం భోజనాల వేళ ఏదో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పాటగాళ్ళు, హాస్యగాళ్ళు వచ్చి ఆడిపాడేవారు. రేడియోలో ఫ్యాక్టరీ పేరు చెప్పేవారు కాదు, శత్రువుకి తెలుస్తుందని. బ్రిటన్‌లో ఎక్కడో ఒకచోట నుంచి అంటే సరి. ఆ ఏడాది చివర్లో పెళ్ళికాని ఇరవై నుంచి ముప్పై ఏళ్ళ లోపు ఆడవాళ్ళని కూడా చట్టం చేసి యుద్ధం పనుల్లోకి పిలిచారు. దాంతో ఫ్యాక్టరీలు ఇంకా నిండాయి.

ఇంతవరకూ హుషారు పాటల సంగతి. అసలు తగువు ఏడుపు పాటల దగ్గర వచ్చింది. నువ్వు అడక్కపోయినా ఇది చెప్పకుండా వదలను.

లండన్‌లో ఈస్ట్ హామ్ తెలుసుగా, మన బాబాయి కొడుకు చదువుకోడానికొచ్చి అద్దెకున్న పేట. ఇప్పుడక్కడ దోసెల హోటళ్ళే హోటళ్ళు. వెరా లిన్ పుట్టింది ఆ పేటలోనే, 1917లో, ఒక ప్లంబర్ కూతురుగా. 1939లో ఆవిడ పాడిన 'వుయ్‌ల్ మీట్ ఎగైన్' విడుదలైంది. మళ్ళీ కలుస్తామన్న ఒక్క ఆశ తప్ప ఆ పాటలో ఇంకేం లేదు. గొప్ప సంగీతమూ కాదు, గొప్ప కవిత్వమూ కాదు. కొడుకునో మొగుణ్ణో రైలెక్కించి వచ్చిన ప్రతి ఇంట్లోనూ అది తమ పాటే అయిపోయింది.

1941 నవంబరులో బీబీసీ ఆవిడకి ఆదివారం రాత్రి వార్తల తర్వాత ఒక కార్యక్రమం ఇచ్చింది. సైనికులకి ఉత్తరం రాస్తున్నట్టు మాట్లాడి, వాళ్ళడిగిన పాటలు పాడేది. ఆస్పత్రులకి వెళ్ళి, అప్పుడే ప్రసవించిన ఆడవాళ్ళని చూసొచ్చి, నీకు బిడ్డ పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం అని ఎక్కడో ఎడారిలో ఉన్న తండ్రికి రేడియోలో చెప్పేది. మన వివిధభారతిలో సైనికులడిగిన పాటలు వేసే 'జయమాల' నీకెంత ఇష్టమో తెలుసు కనక, ఇదెలా ఉండేదో నువ్వే ఊహించుకోగలవు.

దీని మీద పెద్దమనుషులు విరుచుకుపడ్డారు. ఇలాంటి పాటలు వింటే కుర్రాళ్ళ గుండె మెత్తబడుతుంది, ఇంటి మీద బెంగ పెట్టుకుంటారు, రేపు తుపాకీ ఎలా పడతారు అని వాళ్ళ గోల. కవాతు పాటలు, వీరరసం వినిపించాలట. 1942 జూలైలో బీబీసీ ఏకంగా ఒక విధానమే తెచ్చింది. నీరసంగా మూలిగే మగ గొంతులు వద్దు, కన్నీళ్ళు అతిగా కార్పించే ఆడ గొంతులు వద్దు అని. పాటలు వడపోయడానికి ఒక కమిటీ! అయినా జనం మానలేదు. రేడియోలో తగ్గితే రికార్డులు కొనుక్కున్నారు, హాళ్ళలో అడిగి పాడించుకున్నారు. సైనికుడు బెంగ పెట్టుకోవడం కొత్తగా పాట నేర్పిన విద్యా? పాట లేకపోయినా వాడికి ఇల్లు గుర్తొస్తుంది. ఆ కమిటీ వాళ్ళకి ఈ మాత్రం తట్టకపోవడం నాకు విచిత్రంగా ఉంది.

మా పెద్దావిడ చెప్పింది విను. వాళ్ళ నాన్న ఈజిప్టులో ఉండేవాడు. వెరా లిన్ పాట రాగానే వాళ్ళమ్మ లేచి రేడియో కట్టేసేదట, పిల్లల ముందు ఏడవకూడదని. ఆ తర్వాత గిన్నెలు కడిగే వంకతో వంటింట్లోకి వెళ్ళి, పక్కింటి గోడ దగ్గర నిలబడి అదే పాట చివరిదాకా వినేది. పక్కింటివాళ్ళకి చెముడు కాబట్టి సౌండు గట్టిగా పెట్టేవారట!

1944లో వెరా లిన్ బర్మా సరిహద్దు దాకా వెళ్ళింది. మన దేశం మీదుగా వెళ్ళి, చిట్టగాంగ్, ఆరకాన్ వైపు శిబిరాల్లో పాడింది. అందరూ మరిచిపోయిన సైన్యమని ఆ పద్నాలుగో సైన్యాన్ని అనేవారు. అందులో ఎక్కువమంది మన దేశం వాళ్ళే. ఆవిడ 2020 జూన్‌లో 103 ఏళ్ళకి పోయింది. దానికి రెండు నెలల ముందే, లాక్‌డౌన్‌లో ఎలిజబెత్ రాణి టీవీలో మాట్లాడుతూ చివర ఆ 'మళ్ళీ కలుస్తాం' మాటే వాడింది.

పిట్టల పిచ్చి నీకుంది కాబట్టి ఇదొకటి. డోవర్ తెల్లకొండల మీద బ్లూబర్డ్‌లు ఎగురుతాయని వెరా లిన్‌దే ఇంకో పాట ఉంది. ఆ పిట్ట ఈ దేశంలో లేనే లేదు, అది అమెరికా పిట్ట. పాట రాసినాయన అమెరికావాడు మరి. ఎవరూ పట్టించుకోలేదు. నువ్వైతే ఉత్తరం రాసి ఉండేవాడివి.

ఇక్కడ ఇప్పుడు ఆ పాటలు కప్పుల మీదా, వంటింటి తువ్వాళ్ళ మీదా అమ్ముతారు. యుద్ధమంటే అందరూ చేతులు పట్టుకుని పాడుకున్న రోజులన్నట్టు. నాకది నచ్చదు. 1941 మార్చి 8 రాత్రి లండన్‌లో కఫే డి పారీ అనే డాన్సు హాల్లో బ్యాండు వాయిస్తుండగానే బాంబు పడింది. భూమి లోపల ఉంది కాబట్టి భద్రమని నమ్మి జనం వచ్చిన చోటది. ముప్పై మందికి పైగా పోయారు. బ్యాండు నాయకుడు కెన్ జాన్సన్ కూడా పోయాడు. బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాడు, ఇరవయ్యారేళ్ళు. 1944 జూలై 7న మా హేస్ గ్రామఫోను ఫ్యాక్టరీ మీద పైలట్ లేకుండా తనంతట ఎగిరొచ్చే బాంబు పడి 37 మంది చనిపోయారు. కప్పుల మీద ఇవేవీ ఉండవు. బాంబుల నుంచి తలదాచుకునే షెల్టర్లలో పాటల సంగతి అడిగితే మా పెద్దావిడ మొహం చిట్లించింది. అకార్డియన్ వాయించే ముసలాయన ఒకడుండేవాడట, రాత్రంతా నిద్ర పోనిచ్చేవాడు కాదట. హిట్లర్ కన్నా ఆయన మీదే ఎక్కువ కోపంగా ఉండేదంది.

మన వైపు సంగతీ ఆలోచించాను. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక, పట్నం చుట్టాలంతా మూటాముల్లే సర్దుకుని మన ఊరికి వచ్చిపడ్డారని నాయనమ్మ చెప్పేది కదా. ఇంటినిండా జనం, బియ్యం చాలక రోజూ దంపుళ్ళే. ఆ దంపుళ్ళలో పాడినవి ఏ రికార్డులోకీ ఎక్కలేదు. పెద్దత్తకి వాటిలో కొన్నైనా వచ్చు. నువ్వు అనకాపల్లి నుంచి బయల్దేరి ఒక పూట వాళ్ళింటికి వెళ్ళు. పాడమని నేరుగా అడిగితే సిగ్గుపడుతుంది, ఏవో ఊరి కబుర్లతో మొదలుపెట్టు. ఫోను బల్ల మీద పెట్టకు, చెయ్యి తగిలితే దడదడ వస్తుంది, దిండు మీద పెట్టు. ఫ్యాన్ ఆపించు. మధ్యలో మాటలు మరిచిపోయిందని నువ్వు అందించకు, ఆవిడెలా పాడితే అలాగే కావాలి. బావ చేత పంపించు, నీకు ఫైలు పంపడం రాదు.

నీ,
చిన్ని